కెల్విన్ వదిన

మా వదినకు జ్వరం వస్తే అందరికీ వచ్చినట్టు ముప్ఫై తొమ్మిది రాదు, మూడొందల పన్నెండు వస్తుంది. థర్మామీటరు నోట్లోంచి తీసి, కళ్ళజోడు సర్దుకుని, ముప్ఫై తొమ్మిదికి రెండొందల డెబ్భై మూడు కలిపి, ఆ వచ్చిన అంకెను డాక్టరుకు ఫోన్లో చెబుతుంది. కొత్త డాక్టరైతే హడలిపోతాడు. పాతాయనైతే నవ్వేసి తనే తీసివేసుకుని మాత్ర రాస్తాడు.

ఈమె మా ఆయనకు అక్క. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరై, మా ఇంటి మేడ మీద వాటాలో ఉంటోంది. రసాయన చర్యలు ఎంత వేగంగా జరుగుతాయో తేల్చే లెక్కల్లో వేడిని మామూలు డిగ్రీల్లో వేస్తే లెక్క తప్పిపోతుంది, కెల్విన్లలోనే వేయాలి. డిగ్రీలకు రెండొందల డెబ్భై మూడు కలిపితే కెల్విన్లు వస్తాయి. ఈ ఒక్క ముక్క మరిచిపోయినవాళ్ళకు ఆమె సున్నా వేసేది. మిగతాదంతా సరిగ్గా చేశాం మేడం అని పిల్లలు మొత్తుకుంటే, దారిలో నువ్వు చూసిన పూలతోటలకు మార్కులుండవు నాయనా అనేది. అలా ఆమెకు కెల్విన్ మేడం అన్న పేరు పడింది. నేను దాన్ని కాస్త మార్చి కెల్విన్ వదిన అంటాను, ఆమె వినకుండా.

ఇక నా సంగతి. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అంటారు. అబద్ధం, అది నాలుక మీద ఉంటుంది. జిగురు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో అసిస్టెంటుగా పనిచేస్తాను. మా జిగురుకు రెండు భాగాలు, ఒకటి రెసిన్, రెండోది దాన్ని గట్టిపరిచే హార్డెనర్. రెండూ కలిపితే గడ్డకట్టడం మొదలవుతుంది. ఎంతసేపట్లో కడుతుంది అన్నదే మా బతుకంతా. ప్రతి బ్యాచ్ నుంచీ రెండు కప్పులు కలిపి, ఒకటి కిటికీ గట్టు మీద, ఒకటి ఫ్రిజ్‌లో పెట్టడం మా ల్యాబ్ ఆనవాయితీ. కిటికీ కప్పు మా టీ పూర్తయ్యేలోపు రాయిలా అవుతుంది. ఫ్రిజ్ కప్పు సాయంత్రం దాకా తేనెలా జారుతూనే ఉంటుంది. మొదటిదాన్ని చూసి జిగురు పనిచేస్తోందనీ, రెండోదాన్ని చూసి నిలవ ఉంటుందనీ సంతకం పెడతాం.

పెడతాం అంటున్నాను గానీ సంతకం నాది కాదు, షిఫ్ట్ కెమిస్టుది. ఆయన వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. ఆ ఉద్యోగం నాకే వస్తుందని ల్యాబ్‌లో పురుగూ పుట్రా కూడా అనుకున్నాయి. మా చీఫ్ కెమిస్టును పెద్దసారు అంటాం. ఆయన మాత్రం ఊరికే ఇవ్వకూడదు, పరీక్ష పెడతాను అన్నాడు. పోటీ ఇద్దరికి. నేనూ, కాలేజీ నుంచి అప్పుడే దిగిన కొత్తమ్మాయీ. పాసై, ఎవరికి ఎక్కువ మార్కులొస్తే ల్యాబ్ తాళాలు వాళ్ళవి. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ కింద పనిచెయ్యాలి.

నా ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లకు పిపెట్ పట్టుకోవడం నేర్పింది నేను. రేపు అదే పిల్ల, అక్కా ఈ కప్పు ఆ గట్టు మీద పెట్టు అని నాకు చెబుతుందా? కిటికీ పక్కన నా స్టూల్ మీద కూర్చుంటుందా? ఆ ఆలోచనకే నాకు ముద్ద దిగలేదు.

తీరా పుస్తకం తెరిస్తే రేటు నియమాలూ ఉత్తేజన శక్తీ అంటూ నా కాలేజీ రోజుల పదాలు పలకరించాయి. మొహాలు గుర్తున్నాయి గానీ వీళ్ళెవరో గుర్తు రాలేదు. రెండు రోజులు ఒంటరిగా కుస్తీ పట్టి, మూడో రోజు అభిమానం చంపుకుని మేడ ఎక్కాను. వదిన నన్ను ఎగాదిగా చూసింది. తన దగ్గర చదవాలంటే ఒకటే షరతు అంది.

"ఆలోచించొద్దు. ఉష్ణోగ్రత కనిపించిందా, కలుపు. మిగతాది తర్వాత చూసుకుందాం."

సరే అన్నాను. ఎదురు మాట్లాడకుండా సరే అనడం నాకు అలవాటు లేని పని కాబట్టి ఆమె కూడా కాస్త అనుమానంగా చూసింది.

చెప్పొద్దూ, చెప్పడంలో మాత్రం ఆమెకు ఆమే సాటి. రేటు నియమాన్ని మా జిగురుతోనే చెప్పింది. రెసిన్ అంతే ఉంచి హార్డెనర్ రెట్టింపు చేస్తే వేగం రెట్టింపైంది, అంటే హార్డెనర్ విషయంలో అది ఒకటో క్రమాంకం. హార్డెనర్ అంతే ఉంచి రెసిన్ రెట్టింపు చేస్తే వేగం నాలుగింతలైంది, అంటే రెసిన్ విషయంలో రెండో క్రమాంకం. ఒకసారి ఒక్కదాన్నే కదిలించు, మిగతావాటిని కదలనీయకు, అదే కిటుకు అంది. అంతవరకూ నా బుర్రకు ఎక్కింది. సున్నా క్రమాంకం దగ్గర బండి ఆగిపోయింది. ఎంత పోసినా వేగం మారకపోవడమేమిటి, ఏడ్చినట్టుంది అన్నాను.

అప్పుడు వదిన నన్ను కిందికి పంపింది. పొద్దున్న వేళ, మా ఆయన ఇంకా మంచం మీదే ఉన్నాడు. ఒకరోజు ఒక్కసారి పిలవమంది, మర్నాడు రెండుసార్లు, ఆ మర్నాడు నాలుగుసార్లు. నేను ప్రయోగం శ్రద్ధగా చేశాను. నాలుగు పిలుపుల రోజు పక్కింటివాళ్ళు కూడా లేచి వచ్చారు. మా ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు పడుకుని, ఎప్పుడూ లేచే వేళకే లేచాడు. నా అరుపుల విషయంలో తన తమ్ముడు సున్నా క్రమాంకమని వదిన తేల్చింది. నాకు ఆ పాఠం ఇక జన్మలో మరుపు రాదు.

ఉత్తేజన శక్తికి కూడా ఆయనే దొరికాడు. ఏ చర్యకైనా మొదలయ్యే ముందు దాటాల్సిన గట్టు ఒకటుంటుంది, మా ఆయనకు మంచం అంచులాగా. గట్టు పెద్దదైతే కాస్త వేడి తగిలినా వేగంలో బోలెడు తేడా తెలుస్తుంది. గట్టు మరీ చిన్నదైతే ఎండలో పెట్టినా ఫ్రిజ్‌లో పెట్టినా దాదాపు ఒకటే. ఈ ముక్క వదిన రెండుసార్లు చెప్పింది, నేను రెండుసార్లు తలూపాను. మరి మీ మెట్ల చప్పుడు వినగానే ఈయన దిగ్గున లేస్తాడేం వదినా అని అడిగితే, తను ఉత్ప్రేరకమట, గట్టును తగ్గిస్తుందట. ఉత్ప్రేరకం చర్య అంతా అయ్యాక కూడా ఏమీ మారకుండా అలాగే మిగులుతుందని పుస్తకంలో చదివాను, మీ గురించే రాసినట్టుంది అన్నాను. వదిన చాక్‌పీసు ముక్క విసిరింది. నేను తప్పుకున్నాను. అలా సాగింది మా చదువు.

పరీక్ష మా క్యాంటీన్‌లో జరిగింది. ఈ చివర బల్ల నాది, ఆ చివర బల్ల కొత్తమ్మాయిది, మధ్యలో పెద్దసారు పచార్లు. ప్రశ్నపత్రం పైనే యూనిట్ రాయని జవాబుకు మార్కులు లేవని అచ్చేసి ఉంది. రేటు నియమాలు గబగబా అయిపోయాయి. అన్నిటికంటే ఎక్కువ మార్కులున్న లెక్క ఆఖర్న ఉంది. ఇరవై ఏడు డిగ్రీల దగ్గరున్న జిగురు వేడి మరో పది డిగ్రీలు పెరిగితే, గట్టిపడే వేగం రెట్టింపవుతుంది. ఉత్తేజన శక్తి ఎంత?

నేను ఆలోచించలేదు. ఆలోచించొద్దన్నారు కదా. ఇరవై ఏడు కనిపించింది, కలిపాను, మూడొందలైంది. పది కనిపించింది, కలిపాను, రెండొందల ఎనభై మూడైంది. మూడొందల మీద ఇంకో రెండొందల ఎనభై మూడు పెరిగితే ఐదొందల ఎనభై మూడు. వాటిని సూత్రంలో వేసి, కొట్టివేతలు లేకుండా చేస్తే మోల్‌కు మూడు పాయింట్ ఆరు కిలోజౌళ్ళు వచ్చింది. యూనిట్ కింద గీత కూడా గీశాను. వదిన చూస్తే మురిసిపోతుంది అనుకుని కాగితాలు ఇచ్చేశాను.

నేను పాసయ్యాను. కొత్తమ్మాయి తప్పింది. ఆ ఆఖరి లెక్కే తేల్చింది మా ఇద్దరి సంగతీ. పెద్దసారు తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, అనుభవం అనుభవమే అన్నాడు. నేను కిటికీ పక్కన నా స్టూల్ మీద కూర్చుని, కాలు మీద కాలేసుకుని, ఆ పూట టీ తాగాను. ఆ టీ రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

మర్నాడు కొత్తమ్మాయి వచ్చింది. ఏడ్చి మొహం కడుక్కున్నట్టు తెలుస్తూనే ఉంది. అభినందనలు చెప్పి, తనకు యాభై మూడు పాయింట్ ఆరు వచ్చిందనీ, ఎక్కడ తప్పు చేసిందో ఎంత చూసినా తెలియడం లేదనీ అంది. గెలిచినవాళ్ళ మనసు విశాలంగా ఉంటుంది. రా అమ్మా చెబుతాను అని ఫ్రిజ్ దగ్గరికి పిలిచాను. ఆ పూట బ్యాచ్ కప్పులు చూసే వేళ కూడా అయింది. ఎడమ చేత్తో కిటికీ కప్పు తీసుకున్నాను, కుడి చేత్తో ఫ్రిజ్ కప్పు తీశాను. ఉపన్యాసం మొదలెట్టాను. నీకు యాభై మూడొచ్చింది, అంటే చాలా పెద్ద గట్టు. సరైన జవాబు మూడు పాయింట్ ఆరు, అంటే బుల్లి గట్టు. బుల్లి గట్టు అంటే ఏమిటి? ఎండలో పెట్టినా ఫ్రిజ్‌లో పెట్టినా మన జిగురు ఒకేలా గడ్డకడుతుందన్నమాట.

అని నా చేతుల వంక చూసుకున్నాను. ఎడమ చేతిలో రాయి. కుడి చేతిలో తేనె.

జిగురుకు నిజంగా బుల్లి గట్టే ఉంటే ఈ ఫ్రిజ్ ఎందుకు? రెండో కప్పు ఎందుకు? ఇన్నాళ్ళూ నేను రోజూ పట్టుకుని చూసిన తేడా ఏమిటి? కొత్తమ్మాయి నా చేతుల వంక చూడలేదు. తల వంచుకుని, నేను చెప్పిందంతా బుద్ధిగా కాగితం మీద రాసుకుంటోంది. అర్థమైంది అక్కా అంది. నేను కప్పులు రెండూ ఎక్కడివక్కడ పెట్టేసి, తలనొప్పిగా ఉందని చెప్పి బయటికొచ్చాను.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే ముద్ద మళ్ళీ దిగలేదు. మా ఆయన మాటలు తక్కువ మనిషి. అన్నీ ఆలస్యమే, మాట కూడా. నేను జరిగిందంతా చెప్పాను. ఎవరికీ తెలియదు, పెద్దసారుకు కూడా తెలియదు, ఆయన దగ్గరున్న జవాబు కూడా మూడు పాయింట్ ఆరే, తాళాలు నా దగ్గరున్నాయి, నేను చేసిన మోసమేమీ లేదు అని నాకు నేనే వకీలునై వాదించుకున్నాను. ఆయన తినడం పూర్తి చేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, తీరిగ్గా అన్నాడు.

"తాళాలు నీ దగ్గరే ఉన్నాయిగా. మరి తినవేం?"

ఈ మనిషి ఇన్నాళ్ళకు మాట్లాడి మాట్లాడి ఇలాంటిదే మాట్లాడాలా అని విసుక్కుని మేడ ఎక్కాను.

వదిన రేడియోలో వాతావరణం వింటోంది. ఇవాళ అత్యధికంగా ముప్ఫై రెండు అని వాళ్ళంటే, మూడొందల ఐదు అని ఈమె దిద్దుతోంది. రేడియో కట్టేసి ప్రశ్నపత్రం ఆమె ముందు పెట్టాను. చదివి, పలక తీసుకుని, నోటితో లెక్కపెడుతూనే చేసేసింది. యాభై మూడు పాయింట్ ఆరు. నీకెంతొచ్చింది అని అడిగింది. చెప్పాను. ఎలా చేశావంది. అదీ చెప్పాను. ఆమె చేతిలో బలపం ఆగిపోయింది.

"పదికి కూడా కలిపావా?"

"కనిపించినప్పుడల్లా కలపమన్నది మీరు కాదూ?"

వదిన చాలా మెల్లగా, పది ఉష్ణోగ్రత కాదే, తేడా అంది. మెట్ల మీద ఒకచోట నిలబడి ఇంకో పది మెట్లు ఎక్కావనుకో, నువ్వు నిలబడ్డ మెట్టు పునాది నుంచి ఎంత ఎత్తులో ఉందో చెప్పాలంటే పునాది లోతు కలపాలి గానీ, ఎక్కిన పది మెట్లకూ మళ్ళీ పునాది కలుపుతారా అంది. ఇంత తేలికైన మాట. పరీక్షకు ముందు చెప్పి ఉంటే మీ సొమ్మేం పోయేది? అదే అడిగాను, కాస్త గట్టిగానే అడిగాను. ఆలోచించొద్దన్నారు, ఆలోచించలేదు, ఇప్పుడు కొంప మునిగింది, మీ పుణ్యమే ఇదంతా అని నోటికొచ్చినట్టు దులిపేశాను. ఎదురు పేలుతుందనుకున్నాను. పేలలేదు.

"ఇన్నేళ్ళలో ఒక్కరూ నన్ను ఈ మాట అడగలేదే," అంది. ఆగి, "నేను అడగనిచ్చానా," అంది.

నాకు తిట్లు ఆగిపోయాయి. వదిన మొహం అలా చిన్నబోవడం నేను ఎప్పుడూ చూడలేదు. కానీ కెల్విన్ వదిన ఎక్కువసేపు చిన్నబోదు. ఈ పేపరు ఎవరు పెట్టారు, ఎవరు దిద్దారు అని ఆరా తీసింది. పెద్దసారు ఏ కాలేజీ, ఎలా ఉంటాడు అని అడిగి, బట్టతల వచ్చిందా అని కూడా అడిగి, కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంది. ఆయన తన శిష్యుడేనట. వెనక బెంచీ. ఒకసారి కలపడం మరిచిపోయాడని ఒక పూటంతా బోర్డు మీద రెండొందల డెబ్భై మూడు రాయించిందట. ఆ చెయ్యి ఇంకా రాస్తూనే ఉందన్నమాట అని నిట్టూర్చింది.

రేపు తను ఫ్యాక్టరీకి వస్తానంది. నేను రావడం రాకపోవడం నా ఇష్టమంది. నాకు ఏడుపొచ్చింది. నిన్నగాక మొన్న చేతికొచ్చిన తాళాలు. అవి లేకుండా ఆ స్టూల్ మీంచి లేవాలంటే నాకు ప్రాణం పోయినంత పనవుతుంది. కానీ తల వంచుకుని తప్పు పాఠం రాసుకుంటున్న ఆ పిల్ల పాపిడి కళ్ళ ముందు కదిలింది. నేను లేకపోతే మీకు గేటు కూడా దొరకదు, పొద్దున్నే తయారవ్వండి అని విసురుగా చెప్పి కిందికి దిగాను.

వదిన ల్యాబ్‌లో అడుగు పెట్టగానే పెద్దసారు చేతిలో ఉన్న ఫోను వదిలేసి, కుర్చీ వెనక్కి పడేలా లేచి నిలబడ్డాడు. ఆయన ఒకరి కోసం లేచి నిలబడగా నేను చూడటం అదే మొదలు. కొత్తమ్మాయి ఓ మూల బెదిరిపోయి చూస్తోంది. వదిన కుశలప్రశ్నలు వేయలేదు. గోడ మీది బోర్డు చూపించి, ఆ ఆఖరి లెక్క చెయ్యి నాయనా అంది. ఆయన చేశాడు. ఇరవై ఏడుకు కలిపాడు. పదికి కూడా కలిపాడు. కలిపి, మెప్పు కోసం వెనక్కి తిరిగి చూశాడు, పాపం.

ఇప్పుడు జిగురు ఎంత వేడిలో ఉందని వదిన అడిగింది. ఐదొందల ఎనభై మూడు కెల్విన్లు మేడం అన్నాడు. మామూలు మనుషుల డిగ్రీల్లో చెప్పమంది. ఆయన తీసివేసి మూడొందల పది అన్నాడు. అన్నాక ఆయనకే ఏదో తేడా కొట్టినట్టుంది, చాక్‌పీసు నోటి దాకా వచ్చింది.

"ఇరవై ఏడు మీద పది పెరిగితే మూడొందల పదా నాయనా? జిగురు సరే, దాని కింద ఈ బల్ల ఉంటుందా?"

పెద్దసారు నిలువునా నీరైపోయాడు. వదిన ఆయన్ను తిట్టలేదు. తప్పు నీది కాదు, నేను నేర్పిన తీరుది, అని అందరి ముందూ చెప్పింది. ఆ మాట ఆమె నోట విన్నందుకైనా తాళాలు పోయినా ఫరవాలేదు అనిపించింది నాకు. అర నిమిషం అనిపించింది. తర్వాత మళ్ళీ ఫరవా ఉంది.

పెద్దసారు రెండు జవాబు పత్రాలూ తెచ్చి, మీరే దిద్దండి మేడం అని చేతులు కట్టుకున్నాడు. వదిన నాది ముందు తీసుకుంది. ఆఖరి లెక్క దగ్గర కళ్ళజోడు సవరించుకుని సున్నా చుట్టింది. మెట్టుమెట్టుకూ మార్కులేమైనా అని పెద్దసారు నసిగాడు. పూలతోటల మాట మళ్ళీ వచ్చింది. నేను పాసు గీత కిందికి జారాను. సొంత మరదలని కనీసం పెన్ను కూడా వణకలేదు ఆమెకు. నేను జేబులోంచి తాళాలు తీసి కొత్తమ్మాయి చేతిలో పెట్టబోయాను. నాదే తప్పు, నీదే ఒప్పు అని కూడా చెప్పాను. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు వదిన ఆ పిల్ల పత్రం చూసి, యాభై మూడు పాయింట్ ఆరు ఏమిటి అంది. ఎవరికీ అర్థం కాలేదు. ఏమిటమ్మా ఇవి, వంకాయలా, గుండీలా అంది. కొత్తమ్మాయి యూనిట్ రాయలేదు. ఉత్త అంకె వేసి కింద రెండు గీతలు గీసి వదిలేసింది. పత్రం పైన అచ్చేసిన షరతు మీద వదిన వేలు పెట్టి చూపించి, ఇంకో సున్నా చుట్టింది.

నాకెక్కడలేని కోపం వచ్చింది. నా మార్కులు పోయినప్పుడు రానంత కోపం. ఆ పిల్ల ఒక్కతే సరిగ్గా ఆలోచించింది, ఈ గదిలో మీతో సహా ఎవరి దగ్గరా చదవకుండా ఆలోచించింది, ఆమెకు కూడా సున్నా ఏమిటి వదినా అని పోట్లాటకు దిగాను. వదిన నన్ను వింతగా చూసింది. నిన్నటి దాకా ఈ పిల్ల గురించేగా ఇల్లెగిరిపోయేలా అరిచావు అంది. అవి ఇంటి అరుపులు, ఇది ల్యాబ్ అన్నాను. ఆఖరికి పెద్దసారు మధ్యలో పడి, ఇద్దరికీ పాసు మార్కులు లేవు కాబట్టి వచ్చే నెల మళ్ళీ పరీక్ష అన్నాడు. తాళాలు ఆయన గదిలో మేకుకు వేలాడాయి. అందరికీ కాస్త కాస్త అన్యాయం జరిగింది కాబట్టి న్యాయంగానే ఉందని సరిపెట్టుకున్నాం.

ఆ నెలంతా నా పరిస్థితి ఎవరికీ రాకూడదు. వదిన మా ఇద్దరికీ కలిపి పాఠం పెట్టింది. నా ఇంటి మేడ మీద, నేను పెట్టిన టీ తాగుతూ, నా ఎదురుగా నా శత్రువు. మూడో చాప మీద పెద్దసారు. తను కూడా వస్తానని బతిమాలుకున్నాడు, కాదనడానికి వదినకు మనసొప్పలేదు. మొదటి రోజే ఆమె బోర్డు మీద పైన ఎప్పుడూ రాసి ఉండే రెండొందల డెబ్భై మూడును తుడిచేసింది. ఇది వేడా, వేడిలో తేడానా అని దాని చోట రాసింది. ప్రతి లెక్కకూ ముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. మధ్యలో ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే వదిన చెయ్యి అలవాటుగా చాక్‌పీసు ముక్క కోసం వెతికేది. మళ్ళీ తనే చేతిని వెనక్కి తీసుకుని, అడుగు అనేది. ఆ 'అడుగు' అనడానికి ఆమె ఎంత గట్టు దాటుతోందో మాకందరికీ తెలుస్తూనే ఉండేది.

రెండో పరీక్షలో కూడా ఆఖర్న పది డిగ్రీలే ఇచ్చాడు పెద్దసారు. నా చెయ్యి దానంతటదే రెండు అంకె వేసింది, ఏడు కూడా వేసింది. ఆగాను. నా ఎడమ చెయ్యీ కుడి చెయ్యీ గుర్తొచ్చాయి. రాయి, తేనె. వేసింది కొట్టేసి, మెల్లగా, ఆలోచించుకుంటూ చేశాను. కొత్తమ్మాయికి ఈసారి యూనిట్ల పిచ్చి పట్టింది. ప్రతి వరుసకూ యూనిట్ రాసింది, ప్రశ్న నంబరు పక్కన కూడా కిలోజౌళ్ళు రాసిందని పెద్దసారు తర్వాత చెప్పాడు. అవన్నీ రాసేసరికి చివరి లెక్క సగంలో ఉండగానే గంట కొట్టారు. పాసైంది గానీ నా కంటే వెనకబడింది. తాళాలు మళ్ళీ నా చేతికొచ్చాయి. ఈసారి అవి బరువుగా ఉన్నాయి, హాయిగా కూడా ఉన్నాయి. రాత్రి షిఫ్ట్ కెమిస్టు ఉద్యోగం ఖాళీ అయితే నీదే అని ఆ పిల్లకు పెద్దసారు మాటిచ్చాడు. ఒప్పందంగా నా కిటికీ స్టూల్ వారానికి ఒక పూట ఆమెకు ఇచ్చాను. ఒక్క పూటే.

మొదటి సంతకం పెట్టే రోజు వదినను పిలిచాను. ఆమె వచ్చి ల్యాబంతా తిరిగి చూసింది. కిటికీ కప్పును గోటితో కొట్టి చూసింది, అది టక్కుమంది. నేను సంతకం పెడుతుంటే నా భుజం మీంచి తొంగి చూసి, అక్షరాలు కుదురుగా ఉన్నాయే అంది. ఆమె నోట నాకు వచ్చిన మొదటి మెప్పు అది. మా ఆయనకు ఆ సాయంత్రం ఆ మాట చాలాసార్లు చెప్పాను.

తర్వాత ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల రెండో కప్పు పక్కన థర్మామీటరు వేలాడుతోంది. ఐదు డిగ్రీలు. వదిన దాన్ని చూసింది. పెదవులు కదిలాయి. ఆపుకోవాలని ఎంతో ప్రయత్నించింది పాపం, ఆగలేదు.

"రెండొందల డెబ్భై ఎనిమిది," అని గొణిగి, తప్పు చేసి దొరికిపోయిన చిన్నపిల్లలా నా వైపు తిరిగింది.

నేను తలుపు ఆమె చేతిలోంచి తీసుకుని మెల్లగా మూశాను.

"అది వేడే వదినా, తేడా కాదు. హాయిగా కలుపుకోండి."